సైన్యం చదువును ఎందుకు అడుగుతుంది?

సభకు నమస్కారం.

ధైర్యమూ దేహబలమూ ఉన్నవాడిని పట్టా ఎందుకు అడగాలని ప్రశ్నించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ప్రశ్నకు తొలి జవాబు ఫిరంగి నుంచి వచ్చింది. గొట్టాన్ని ఎంత కోణంలో ఎత్తితే గుండు ఎంత దూరంలో పడుతుందో తేల్చడానికి వంశప్రతిష్ఠ అక్కరకు రాదు, లెక్క రావాలి. అందుకే బ్రిటన్ 1741లో ఫిరంగి, ఇంజనీరింగ్ దళాల అధికారుల శిక్షణకు వూలిచ్‌లో ప్రత్యేక పాఠశాలను నెలకొల్పింది. పదాతి, అశ్విక దళాలలో అధికారి హోదాను డబ్బిచ్చి కొనుక్కునే పద్ధతి ఆ దేశంలో 1871 దాకా సాగినా, ఫిరంగి దళంలో మాత్రం ఆ బేరం చెల్లలేదు. ఫ్రాన్స్‌లోనూ అంతే: 1785లో పదహారేళ్ల నెపోలియన్‌కు ఫిరంగి దళంలో ప్రవేశ పరీక్ష జరిపినవాడు గణితవేత్త లప్లాస్.

సామాన్య సైనికుడి చదువు గురించి ఆలోచన చాలా ఆలస్యంగా మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సుమారు 17 లక్షల మందిని పరీక్షించినప్పుడు, వారిలో దాదాపు నాలుగోవంతు మంది వార్తాపత్రిక చదవలేరని, ఇంటికి ఉత్తరం రాయలేరని తెలిసింది. చదవగలిగినవారికి ఆల్ఫా అనే రాతపరీక్షనూ, చదవలేనివారికి బొమ్మలతో కూడిన బీటా పరీక్షనూ పెట్టారు. ఆజ్ఞాపత్రం, పటం, యంత్రం వాడే విధానం, మందుపెట్టె మీది సూచన, ఇవన్నీ అక్షరాలే కదా.

అయితే పట్టా చెప్పేది చదువు సంగతి ఒక్కటే కాదు, దీన్ని మనం తరచు మరచిపోతాం. అమెరికా సైన్యాల దీర్ఘకాల అనుభవంలో, హైస్కూలు పూర్తిచేసి చేరినవారిలో సుమారు 80 శాతం మంది తొలి మూడేళ్ల సేవను ముగించగా, బడి మధ్యలో మానేసినవారిలో దాదాపు సగం మందే అంతదాకా నిలిచారు. బడి మానేసి, తరువాత సమాన అర్హత పరీక్ష నెగ్గినవారు కూడా ఈ విషయంలో మానేసినవారికే దగ్గరగా ఉన్నారు. తెలివి తక్కువై కాదు. విసుగు పుట్టించే పనిని కూడా రోజూ చివరిదాకా చేసే అలవాటును ఒక్కనాటి పరీక్ష కొలవలేదు. సైన్యంలో చేరాలన్న తొందరతో చదువు ఆపి మైదానానికే అంకితమయ్యే యువకులను చూసినప్పుడు నాకు బాధ కలిగేది ఇందుకే.

అర్హతను సడలిస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. వియత్నాం యుద్ధకాలంలో, 1966లో, అమెరికా రక్షణమంత్రి మెక్‌నమారా సైన్యంలో చేరే పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవారిని లక్షలాదిగా చేర్చుకునే పథకం ప్రారంభించారు. నైపుణ్యం నేర్పి పేదరికం నుంచి బయటపడేస్తామన్నారు, కానీ వారిలో ఎందరినో పోరుదళాలకే పంపారు. అది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. అదే దేశపు సైన్యం 2022లో తన శిక్షణ స్థావరమైన ఫోర్ట్ జాక్సన్‌లో వేరే దారి ఎంచుకుంది: మార్కులు కాస్త తగ్గినవారికి గరిష్ఠంగా 90 రోజులు చదువు చెప్పి, మళ్లీ పరీక్ష రాయించి, గీత దాటినవారిని ప్రాథమిక శిక్షణకు పంపడం మొదలుపెట్టింది.