చిడతల చప్పుడు చెత్త కాదు

అందరికీ నమస్కారం.

ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో సంగీత కళాశాల మొదలైన విజయనగరం ఇది. ఇక్కడ అటకలెక్కిన హరికథ క్యాసెట్లను శుభ్రం చేద్దామనుకునేవారు చాలామంది ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవగానే రొద తగ్గించే నాయిస్ రిడక్షన్ నొక్కేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్‌కి తంబురా అంటే తెలియదు, చిడతలంటే అసలే తెలియదు.

ముందు టేపు సంగతి. బూజు పట్టిన క్యాసెట్టు పెడితే బూజు ప్లేయర్లో టేపుని చదివే హెడ్డుకి అంటుకుని తర్వాతి క్యాసెట్టుకీ పాకుతుంది. హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. హెడ్డు వాలుని సరిచేసే అజిముత్ స్క్రూని వింటూ, కొద్దికొద్దిగా తిప్పుతూ, చిడతలు ఎక్కడ పదునుగా మోగితే అక్కడ ఆపండి. ఇక్కడ పోగొట్టుకున్న పైస్థాయి ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. పీకు, అంటే ధ్వని అత్యధిక స్థాయి, మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. ఆ మొదటి ఫైలు మీద మాత్రం చెయ్యి వేయొద్దు.

తర్వాత కరెంటు గుయ్‌మనే హమ్ము. తొందరపడి తీసేయకండి, టేపు వేగం సరిచూడటానికి దానితో పనుంది. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే స్పెక్ట్రమ్‌లో, మన కరెంటు ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్జ్ దగ్గర కనిపించేది ఇప్పటి ప్లేయరుది కావచ్చు. పక్కనే 52 దగ్గర ఇంకో గీత ఉంటే అది టేపుతో వచ్చినది: అంటే టేపు సుమారు 4 శాతం వేగంగా తిరుగుతోంది, శ్రుతి అర స్వరస్థానానికి పైగా ఎక్కేసింది. కరెంటు ఫ్రీక్వెన్సీ ఆ రోజుల్లో నిలకడగా ఉండేది కాదు గనక హార్మోనియంతోనూ సరిచూశాకే వేగం తగ్గించండి.

హమ్ము తీసేటప్పుడు 50, 100, 150 దగ్గర నాచ్ ఫిల్టర్లు, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసేవి, వేస్తాం. కథ చెప్పే దాసుగారు రెండో శ్రుతిలో పాడితే షడ్జమం సుమారు 147 హెర్ట్జ్. 150 దగ్గర వెడల్పుగా నాచ్ వేశారా, దాసుగారి ఆధారషడ్జమమే కోతకి గురవుతుంది. క్యూ విలువ (ఇది పెరిగేకొద్దీ కోత సన్నబడుతుంది) 60కి తగ్గనివ్వకండి. అసలు 150 హమ్ము వినపడకపోతే జోలికే పోవద్దు.

ఇప్పుడు హిస్సు, అంటే టేపు సుయ్‌మనే రొద. సాఫ్ట్‌వేర్‌కి రొద ఏదో చూపే నమూనా, అదే నాయిస్ ప్రొఫైలు, కోసం నిశ్శబ్దంగా ఉన్న ముక్క కావాలి. హరికథలో గాత్రం ఆగినా శ్రుతి ఆగదు. అదే నిశ్శబ్దమనుకుని ప్రొఫైలు తీస్తే తంబురా మొత్తం రొద కింద లెక్క. శ్రుతి మొదలవకముందు, మైకు ఆన్ చేసి ఉన్న అర సెకను దొరికినా చాలు. తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్స్. 20 పెడితే గొంతు చుట్టూ నీటిబుడగల్లాంటి చప్పుళ్లు పుడతాయి. మిగిలిన హిస్సే నయం.

గీతల టపటపలు తీసే క్లిక్ రిమూవల్ 78 ఆర్‌పీఎమ్ గ్రామఫోన్ ప్లేట్లకి. వాటికి హిస్సు కంటే ముందే వాడాలి, 3 మిల్ (అంగుళంలో వెయ్యోవంతుకి మూడింతలు) సూదితో ఎక్కించాక. క్యాసెట్టుకి అక్కర్లేదు. చిడతల దెబ్బ, మృదంగం చాపు రెండూ దాని కంటికి గీతలే.

నాయిస్ రిడక్షన్‌లో అప్లై నొక్కేముందు రెసిడ్యూ ఎంచి ప్రివ్యూ వినండి: తీసేయబోయేది అదే. అందులో సుయ్‌మనే హిస్సే ఉండాలి. శ్రుతి లీలగా వినిపించినా ప్రొఫైలు మళ్లీ తీయండి.