లాగ్ లెక్కల్లో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

వ్యాఖ్యాత: నమస్కారం. పరీక్షల ఫోన్-ఇన్‌లో ఈ రోజు సంవర్గమానాలు, అంటే లాగ్‌లు. మీ సందేహాలు తీర్చడానికి గణితం మేడం స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ సిద్దిపేట నుంచి.

కాలర్: నమస్తే మేడం, టెన్త్ చదువుతున్నా. లాగ్ ఎక్స్ + లాగ్ (ఎక్స్ − 3) = 1కి 5, −2 అని రెండు జవాబులు రాశా. మార్కు తగ్గించారు.

మేడం: తగ్గిస్తారమ్మా. ఆధారం 10 కదా? 10ని ఏ ఘాతానికి హెచ్చిస్తే ఆ సంఖ్య వస్తుందో ఆ ఘాతమే లాగ్. 10ని ఏ ఘాతానికి హెచ్చించినా రుణసంఖ్య రాదు. కాబట్టి లాగ్ లోపలిది సున్నా కన్నా పెద్దదే కావాలి. ఎక్స్ స్థానంలో −2 పెడితే లాగ్ (−2), లాగ్ (−5) వస్తాయి, వాటికి విలువ లేదు. మరి మోసం ఎక్కడ జరిగిందంటావా? రెండు లాగ్‌లూ కలిపి లాగ్ (ఎక్స్² − 3ఎక్స్) అని రాశావు చూడు, అక్కడ. అందులో −2 పెట్టినా 4 + 6 = 10 వచ్చేస్తుంది, అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే సరిచూసేది ఎప్పుడూ ప్రశ్నలో ఇచ్చిన సమీకరణంలోనే. మొదటి లైన్లోనే ‘ఎక్స్ > 3’ అని రాసి పెట్టుకో.

కాలర్: లాగ్ (8 + 2)ని లాగ్ 8 + లాగ్ 2 అని విడదీయొచ్చా మేడం?

మేడం: వద్దు! లాగ్ 10 అంటే 1. నువ్వు విడదీసింది లాగ్ 16, అంటే 1.2041. లాగ్‌ల కూడిక లోపలి గుణకారానికే.

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఇంటర్ విద్యార్థి.

కాలర్: మేడం, ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) క్యాలిక్యులేటర్ ఉండదు కదా, కెమిస్ట్రీ కోసం ఎన్ని లాగ్ విలువలు బట్టీ పట్టాలి?

మేడం: మూడు చాలు బాబూ. లాగ్ 2 = 0.3010, లాగ్ 3 = 0.4771, లాగ్ 7 = 0.8451. లాగ్ 5 కావాలంటే 1లోంచి 0.3010 తీసెయ్, 0.6990. లాగ్ 6కి మొదటి రెండూ కలుపు. ఇక ప్రథమ క్రమాంక చర్య (వేగం పదార్థం గాఢతకి అనులోమంగా ఉండేది) 99.9 శాతం పూర్తవడానికి అర్ధాయువుకి, అంటే సగం పదార్థం అయిపోయే సమయానికి, ఎన్ని రెట్లు పడుతుందని అడుగుతారు. చాలామంది సూత్రంలోని 2.303తో గుణకారం మొదలుపెట్టి రెండు నిమిషాలు పోగొట్టుకుంటారు. అది రెండు వైపులా ఉంది, కొట్టేయ్. మిగిలేది 0.1 శాతం, అంటే వెయ్యిలో ఒక వంతు, కాబట్టి లాగ్ 1000, అది 3. అర్ధాయువుకి మిగిలేది సగం, కాబట్టి లాగ్ 2. మూడుని 0.3010తో భాగిస్తే దాదాపు 10 రెట్లు.

కాలర్: పీహెచ్‌లో?

మేడం: పీహెచ్ అంటే ఆమ్లత కొలత, హైడ్రోజన్ అయాన్ల గాఢత లాగ్‌కి మైనస్ గుర్తు పెడితే వచ్చేది. 2 × 10⁻³ మోలార్ హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) అయితే 3 − 0.3010, అంటే దాదాపు 2.7. మూడుకి కలిపి 3.3 అని పెట్టేస్తుంటారు. గాఢత 10⁻³ కన్నా ఎక్కువ, పీహెచ్ 3 కన్నా తగ్గాలి. ఆమ్లానికి గాఢత 10⁻⁸ ఇస్తే మాత్రం 8 అనకు, 7 దాటితే క్షారం, ఆమ్లం క్షారం కాదు కదా! నీటి అయాన్లు కూడా కలిపితే 25 డిగ్రీల దగ్గర 6.98.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒక తండ్రి.

కాలర్: మేడం, మా పాప లాగ్ టేబుల్‌తో 0.0045కి వర్గమూలం చేసింది. దాని లాగ్ బార్ 3.6532ని (3 మీద అడ్డగీత) రెండుతో భాగించి బార్ 1.8266 రాసింది. జవాబు కలవట్లేదండీ.

మేడం: బార్ ఉన్నది 3 మీదే, దశాంశ భాగం ధనమేనండీ. అంటే −3 + 0.6532. మూడుని రెండు నిశ్శేషంగా భాగించదు కాబట్టి −4 + 1.6532 అని మార్చమనండి. సగం చేస్తే −2 + 0.8266, బార్ 2.8266. యాంటీలాగ్ (లాగ్ నుంచి తిరిగి సంఖ్య) చూస్తే 0.0671 వస్తుంది. పాప పద్ధతిలో 0.671 వస్తుంది. దాన్ని వర్గం చేస్తే 0.45, అడిగింది 0.0045. ఘనమూలమైతే −3ని మూడుతో నేరుగా భాగించవచ్చు, ఈ మార్పు అక్కర్లేదు.