వెర్షన్ తోకలో ఒక సున్నా

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో మధురవాడ కొండెక్కి వచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. సర్వర్ల కోసం ప్యాకేజీలను సొంతంగా కట్టుకోవడం గురించి, వాటి వెర్షన్ చివర తగిలించే తోకతో మాకు తగిలిన దెబ్బ గురించి ఈరోజు చెబుతాను.

మీలో చాలామంది నాలాగే మొదలుపెట్టి ఉంటారు. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో మనకు కావలసిన మాడ్యూల్ (అదనపు భాగం), డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ ఇచ్చే ప్యాకేజీలో ఉండదు. నేరుగా సర్వర్‌లోకి వెళ్లి, సోర్స్ కోడ్ దించుకుని, అక్కడే కంపైల్ చేసి ప్రోగ్రాంగా మార్చేస్తాం. ఒక్క సర్వర్‌కైతే చెల్లిపోతుంది. నా చేతిలో అవి పదకొండు అయ్యేసరికి, ఏ సర్వర్‌లో ఏ ప్యాచ్ (కోడ్‌లో మనం చేసిన మార్పు) ఉందో నా నోటుపుస్తకానికి కూడా తెలియని పరిస్థితి వచ్చింది.

అందుకే ఒక యంత్రాన్ని బిల్డ్ పనికే కేటాయించాం. డెబియన్ సోర్స్ ప్యాకేజీ తెచ్చి, మన ప్యాచ్ కలిపి, ఎస్‌బిల్డ్ అనే సాధనంతో కట్టి, రెప్రెప్రో అనే మరో సాధనంతో సొంత రిపాజిటరీలో (ప్యాకేజీల నిల్వలో) పెట్టి డిజిటల్ సంతకం చేస్తాం. మిగతా సర్వర్లు, డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ ద్వారా అక్కడి నుంచే తెచ్చుకుంటాయి. వేరే ఆపరేటింగ్ వ్యవస్థలైన జెంటూ వాళ్ల బిన్‌హోస్ట్, ఫ్రీబీఎస్‌డీ వాళ్ల పూడ్రియేర్ చేసేదీ ఇంచుమించు ఇదే.

అన్నీ ఒకేచోట పెడితే ఆ యంత్రానికి ఏదైనా అయితే ఎలా అని అడుగుతారు. హుద్‌హుద్‌ను చూసిన ఊరివాళ్లం, అడగాల్సిందే. 2014 అక్టోబరు 12 తర్వాత ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. నిజానికి బిల్డ్ యంత్రం పడిపోయినా సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, కొత్త ప్యాకేజీలు మాత్రమే ఆగుతాయి. మళ్లీ సృష్టించుకోలేనివి రెండే: మన ప్యాచ్‌లు, సంతకం చేసే రహస్య కీ. వాటి నకలు వేరే ఊళ్లో ఉంచండి.

మొదటి దెబ్బ నా అత్యాశ వల్ల తగిలింది. వేగం కోసం కంపైలర్‌కు ‘మార్చ్ నేటివ్’ అని చెప్పాను. అంటే ఈ ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాలన్నీ వాడుకోమని. బిల్డ్ యంత్రం కొత్తది, సర్వర్లలో మూడు పాతవి. ఆ మూడింటిలో ప్రోగ్రాం మొదలవుతూనే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చచ్చిపోయింది. అర్ధరాత్రి నిద్ర పాడైంది తప్ప పెద్ద నష్టం లేదు, ఎందుకంటే తప్పు వెంటనే కనబడింది.

కనబడనిది రెండోది. డెబియన్ 11లో ఇంజిన్‌ఎక్స్ వెర్షన్ 1.18.0-6.1. దాని చివర మేము ప్లస్ గుర్తు పెట్టి, విశాఖకు గుర్తుగా ‘వీఎస్‌పీ’ అని, ఆపైన 1 తగిలించాం. చూడముచ్చటగా ఉంది కదా! ఇక డెబియన్ భద్రతా బృందం సవరణ విడుదల చేస్తే, అదే 6.1 తర్వాత ప్లస్, ‘డీఈబీ’, ఆపైన అంకెలు వస్తాయి. రెండింటిలోనూ ప్లస్ వరకు తేడా లేదు. ఆ తర్వాత పోల్చేది అక్షరాలను. మాది ‘వీ’, వాళ్లది ‘డీ’. అక్షరక్రమంలో ‘వీ’ వెనక వస్తుంది కాబట్టి మాదే కొత్తదని ఆప్ట్ తీర్పు చెప్పేసింది. 2022లో ఇంజిన్‌ఎక్స్‌లో వీడియోలు అందించే ఎంపీ4 మాడ్యూల్ లోపాలకు సవరణ వచ్చినప్పుడు మా సర్వర్లు దాన్ని పట్టించుకోలేదు. హెచ్చరిక లేదు, ఎర్ర అక్షరాలు లేవు. పైగా అన్నీ తాజాగా ఉన్నాయని భరోసా ఒకటి!

ఇప్పుడు ప్లస్‌కూ ‘వీఎస్‌పీ’కీ మధ్య ఒక సున్నా పెడుతున్నాం. ప్లస్ తర్వాత అంకె వస్తే, అక్షరం వచ్చినదాని కంటే పాతదిగా లెక్క. అప్పుడు మాది డెబియన్ అసలు ప్యాకేజీ కంటే కొత్తది, భద్రతా సవరణ కంటే పాతది అవుతుంది. దీనికీ మూల్యం ఉంది. సవరణ వచ్చి మా ప్యాకేజీని తోసేస్తే మాడ్యూల్ పోతుంది, సైట్ మొరాయించవచ్చు. అయినా నాకు అదే నయం. సైట్ ఆగితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోను చేస్తారు, మూయని రంధ్రం గురించి ఎవరూ చేయరు. ఆ ఫోను కూడా రాకుండా, కొత్త సవరణ వచ్చిందేమో బిల్డ్ యంత్రం రోజూ తెల్లవారుజామున చూసి, మా ప్యాచ్‌తో మళ్లీ కట్టి పెడుతుంది. ప్యాచ్ అతకకపోతే నాకు మెయిల్ వస్తుంది.

డెబియన్‌లో ప్యాకేజీలను అమర్చే డీపీకేజీలో రెండు వెర్షన్లను పోల్చే ఆదేశం ఉంది, ఈ తెర మీద తెరిచి పెట్టాను. మీ ప్యాకేజీలకు మీరు ఏ తోకలు తగిలిస్తున్నారో చెప్పండి, ఒక్కొక్కటే కొట్టి చూద్దాం. ముందు వరుసతో మొదలుపెడదామా?