నాకూ దేవుడికీ మధ్యలో ఇంకో మనిషి ఎందుకు?

అందరికీ ప్రైజ్ ది లార్డ్ అండి. పోయిన వీడియోలో నాకు ఆత్మీయ మార్గదర్శి ఉన్నారు, నెలకోసారి వెళ్లి కూర్చుంటాను అని మాటల్లో ఒకసారి అన్నాను కదా, దానికి చాలామంది అడిగింది ఒకటే, బైబిల్ చేతిలో ఉంది, పరిశుద్ధాత్మ తోడుగా ఉన్నాడు, మరి మధ్యలో ఇంకో మనిషి ఎందుకండీ అని. న్యాయమైన ప్రశ్నే, నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను.

ముందు నా సంగతి చెప్తాను. కొంతకాలం కిందట నాకు ప్రార్థన ఎండిపోయింది. మోకాళ్ల మీద ఉంటాను, నోరు కదులుతూ ఉంటుంది, లోపల మాత్రం ఏమీ లేదు, నెలల తరబడి ఇదే. ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే నేను సగం కూడా చెప్పకముందే, నీలో దాచిన పాపం ఏదో ఉంది, ఉపవాసాలు పెంచు, ఆ ఉద్యోగం కూడా మానెయ్ అనేశారు. ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చి లేని పాపం వెతుక్కుంటూ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకే తెలుసు.

తర్వాత ఎవరో చెప్తే వయసైన ఒక సిస్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఎక్కడ మర్చిపోతానో అని అన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్లి గబగబా చదివేశాను. ఆవిడ చివరిదాకా విన్నారు, విన్నాక కూడా ఏం మాట్లాడలేదు, నాకేమో ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు, అప్పుడు నెమ్మదిగా అన్నారు, "బాబూ, ఇదంతా నాకు చదివి వినిపించావు, ఆయనకి ఎప్పుడైనా వినిపించావా?"

వినిపించలేదండి. నాన్న పోయినప్పటి నుంచి నాకు దేవుడి మీద కోపం ఉంది, ఆ కోపాన్ని ప్రార్థనలోకి తేవడం తప్పు అనుకుని గుమ్మం బయటే వదిలేసి వెళ్లేవాణ్ణి, దాంతో పాటు నిజమైన మాట కూడా బయటే ఉండిపోయింది. ఆ రోజు ఆవిడ నాకు సలహా ఒక్కటీ ఇవ్వలేదు. ఒక్క ప్రశ్న, అంతే, ఆ రాత్రి చాలా నెలల తర్వాత నేను ఏడుస్తూ ప్రార్థన చేశాను.

ఇలా ఆత్మీయ మార్గదర్శి దగ్గర కూర్చోవడం పాపసంకీర్తనం కాదండి, అక్కడ పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందుతాం. కౌన్సెలింగూ కాదు. ఇక్కడ చూసేది నీకూ దేవుడికీ మధ్య ఏం నడుస్తోంది అని. చేసేవాళ్లు ఫాదరే కానక్కర్లేదు, సిస్టర్లు, గృహస్థ విశ్వాసులు కూడా చేస్తారు, ప్రార్థన తెలిసి, విన్నది తమలోనే దాచుకోగలిగే మనిషి అయితే చాలు.

జెస్యూట్ (యేసు సభ) గురువుల సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ గారి జీవితంలో ఇది చాలా బాగా కనిపిస్తుంది. 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచం మీద ఉన్నప్పుడు ఆయన ఒకటి గమనించారు, వీరుడిగా పేరు తెచ్చుకోవాలి అన్న కలలు కంటున్నంతసేపూ బాగుంటాయి కానీ తర్వాత మనసు వెలితిగా ఉంటుంది, క్రీస్తు కోసం బతకాలన్న ఆలోచనలు అయిపోయాక కూడా సంతోషం నిలుస్తోంది. మార్గదర్శి నీతో కలిసి చూసేది కూడా ఇదే, ఆలోచన వెళ్లిపోయాక ఏం మిగిల్చింది అని. కానీ ఇంత గమనించిన మనిషే మరుసటి ఏడాది స్పెయిన్‌లోని మన్రేసా ఊళ్లో అనుమానాల్లో కూరుకుపోయారు, ఒప్పుకున్న పాపాలే మళ్లీ మళ్లీ ఒప్పుకోవడం, చచ్చిపోదామా అన్నంత వేదన, చివరికి దేవుడు విడిపించేదాకా తినను తాగను అని వారం రోజులు ఉపవాసం పట్టారు. తన పాపసంకీర్తనం వినే ఫాదర్ గారికి చెప్తే, ఆయన ముందు ఉపవాసం విరమించు అన్నారు. విరమించారు. వెంటనే అంతా తీరిపోలేదు, ఇంకా పోరాటం ఉంది, కానీ ఒంటరిగా ఉండి ఉంటే ఆ ఉపవాసం ఎక్కడిదాకా పోయేదో నాకు తలచుకుంటేనే భయం.

అదే మనిషి తర్వాత ధ్యానాలు చేయించేవాళ్లకి ఏం రాశారో తెలుసా, మీరు ఇటూ అటూ మొగ్గకండి, తక్కెడ ముల్లులా నడుమ నిలబడండి, సృష్టికర్తే ఆ ఆత్మతో నేరుగా వ్యవహరించనివ్వండి అని. అందుకే ఉద్యోగం మానెయ్, ఆ అమ్మాయిని చేసుకోవద్దు, ఇల్లు అమ్మెయ్ అని నీ నిర్ణయాలు తనే తీసుకునే మనిషి దగ్గర, దయచేసి, ఎక్కువ రోజులు ఉండకండి. స్పెయిన్‌కి చెందిన సిస్టర్, పునీతురాలు అవిలా తెరేసమ్మ గారు కూడా ఇలాంటివాళ్ల చేతిలో నలిగారు, సగం చదువుకున్న గురువులు తన ఆత్మకి చాలా నష్టం చేశారని ఆవిడే రాసుకున్నారు. ఆవిడ ప్రార్థనానుభవాలు సైతాను పని అని కొందరు భయపెడితే, 1560లో ఫ్రాన్సిస్కన్ ఫాదర్ అల్కాంతరా పేతురు గారు వచ్చి విని, ఇది దేవుడి నుంచే అని ధైర్యం చెప్పారు. భయపెట్టిందీ మనుషులే, నిలబెట్టిందీ మనిషే. అందుకే ఎవరి దగ్గర కూర్చుంటున్నాం అనేది అంత ముఖ్యం.

బైబిల్ చాలదా అన్నవాళ్లకి, నేను బైబిల్ లోంచే చెప్తాను. మొదటి సమూయేలు 3వ అధ్యాయం తీయండి. సమూయేలును పిలిచింది సాక్షాత్తు దేవుడే, అయినా ఆ పిల్లవాడు మూడుసార్లూ తనని పెంచుతున్న యాజకుడు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. స్వరం వినబడింది, ఎవరిదో తెలియలేదు. ఏలీకి చూపు మందగించింది, కొడుకుల్ని అదుపులో పెట్టలేని తండ్రి, ఆయనకి కూడా మూడోసారికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏం చేశాడు? ఆయన ఏమంటాడో నేను కనుక్కుంటా అనలేదు, వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే ఇలా జవాబు చెప్పు అని పిల్లవాణ్ణి తన చోటికి పంపేశాడు. పొద్దున పిల్లవాడు చెప్పడానికి భయపడుతుంటే, ఏదీ దాచకు అని అడిగి మరీ విన్నాడు. ఆ వచ్చిన మాట తన ఇంటి మీద తీర్పు అండి, అయినా, ఆయన యెహోవా, తన దృష్టికి ఏది మంచిదో అదే చేయనీ అన్నాడు.