మెషీన్ తప్పు చేస్తే జైలుకి ఎవరు? కంటి శిబిరంపై విశాఖ స్టూడియోలో చర్చ

(ఒకరి మీద ఒకరు అరిచిన చోట్ల వినబడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. గాజువాక వైపు ఓ ఉచిత శిబిరంలో ఏఐ కెమెరా 'బాగానే ఉంది' అన్న షుగర్ పేషెంటుకి, ఆర్నెల్లు తిరక్కుండానే ఒక కన్ను పోయిందని బంధువులు గొడవకి దిగారు. ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. డాక్టర్ గారూ, సూటిగా అడుగుతున్నా. మెషీన్ తప్పు చేస్తే జైలుకి ఎవరెళ్తారు?

డాక్టర్: ముందు అదేం చేస్తుందో చెప్పనివ్వండి. కంటి లోపల వెనక ఉండే రెటీనా పొరకి ఫోటో తీసి, షుగర్ వల్ల అక్కడి రక్తనాళాలు దెబ్బతిన్నాయా అని చూస్తుంది. 2018లో అమెరికాలో, డాక్టర్ లేకుండా ఫలితం చెప్పే మెషీన్‌కి మొదటిసారి అనుమతిచ్చినప్పుడు కూడా ఆ ఒక్క జబ్బుకే ఇచ్చారు. నీటికాసులు, అదే గ్లకోమా, ఉంటే అది...

కార్మిక నాయకుడు: షుగర్ సరే బాబూ, ఆటోనగర్ కుర్రాళ్ల సంగతేటి? గ్రైండింగ్‌లో ఇనప రజను కంట్లో పడితే పక్కవాడు అగ్గిపుల్లకి దూది చుట్టి తీస్తాడు! కళ్లద్దాలిస్తారు, చెమటకి మసకబారతాయి, నుదుటి మీదికి నెట్టేసి పని చేస్తాడు. ఇది చూస్తదా మీ కెమెరా?

కంపెనీ ప్రతినిధి: సర్, మా కెమెరా దానికోసం కాదు. పాడేరు లాంటి చోట కళ్ల డాక్టర్ ఎక్కడ దొరుకుతాడు? ఎవరికి...

నాయకుడు: చూశారా, దానికోసం కాదంట!

డాక్టర్: ఆయనన్నది నిజమేనండీ, కానీ వేరే విషయం. సుత్తి దెబ్బకి ఎగిరిన ముక్క కంటి లోపలికి దూసుకుపోతే ఒక్కోసారి పైకి ఏమీ కనపడదు, నొప్పీ పెద్దగా ఉండదు. లోపలే ఉండిపోతే తుప్పు పట్టి రెటీనాని పాడుచేస్తుంది. అనుమానముంటే సీటీ స్కాన్ తీస్తాం. ఎమ్మారై మాత్రం వద్దు, అయస్కాంతానికి ముక్క కదులుతుంది.

యాంకర్: కదిలి కన్ను పోతే జైలుకి ఎవరు?

డాక్టర్: అందుకే తీయం అంటున్నానండీ!

నాయకుడు: సున్నం పడ్డోళ్ల మాటేటి? వాళ్లకి వైద్యమే లేదు.

డాక్టర్: ఎందుకు లేదు! మొదటి వైద్యం కుళాయి నీళ్లు. పడిన చోటే రెప్పలు విప్పి కనీసం పావుగంట కడగాలి, ఆసుపత్రి ఆ తర్వాతే. చాలా యాసిడ్ల కంటే సున్నం లోతుకి దిగుతుంది. నల్లగుడ్డు మీద పొర కమ్మేసినా, రెండో కన్ను బాగుంటే దాని నల్లగుడ్డు అంచు నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న బిట్లుగా చేసి దెబ్బతిన్న కంటికి అతికిస్తారు. ల్యాబ్‌లో పెంచే పని లేదు. మన హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పుట్టిన పద్ధతి, 2012లో జర్నల్లో వచ్చింది.

నాయకుడు: కూలోడికి అందుతుందా? షుగర్ కంటికి క్యాన్సర్ మందు పొడుస్తున్నారంట కదా, అది చెప్పండి!

డాక్టర్: బెవాసిజుమాబ్. 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కి వచ్చిన మందే. పెద్ద వయసులో రెటీనా మధ్యభాగానికి వచ్చే మాక్యులా జబ్బుకి, ఖరీదైన కంటి మందు రానిబిజుమాబ్‌తో సమానంగా పనిచేస్తుందని 2011లో అమెరికాలో జరిగిన ట్రయల్ తేల్చింది. అందుకే కూలోడికీ అందుతోంది. సీసాలో మందుని చిన్న డోసులుగా పంచేటప్పుడు శుభ్రత తప్పితేనే ప్రమాదం...

యాంకర్: ప్రమాదం! డాక్టర్ గారే ఒప్పుకున్నారు.

(ఆ సగం మాటే కింద స్క్రోలింగ్‌లో వచ్చేసింది. మిగతా సగం ఎవరికీ పట్టలేదు.)

కంపెనీ ప్రతినిధి: నాకింతవరకూ నిమిషం కూడా రాలేదు. శుక్లం ముదిరి ఫోటో మసకగా వస్తే మెషీన్ ఫలితమే ఇవ్వదు, డాక్టర్‌కి పంపమంటుంది. ఆ శిబిరంలో పంపారా లేదా...

నాయకుడు: పంపలేదు! పంపినా ఎలా వెళ్తాడు? రోజు కూలి పోద్ది, చుక్కలేస్తే చూపు మసక, తోడుకి ఇంకొకడు రావాలి, వాడి కూలీ పోద్ది. (గట్టిగా) మెషీన్ కొనడానికి డబ్బుంది, కూలోడిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో చార్జీల్లేవా?

(ముగ్గురూ ఒకేసారి. అర నిమిషం ఏమీ అర్థం కాలేదు.)

యాంకర్: నాయకుడు గారు చెప్పినట్టు ఇది ఆటో చార్జీల సమస్య. మరి జైలుకి...

డాక్టర్: ఒక్క మాటండీ. నీటికాసులకి మొదట్లో నొప్పి ఉండదు, పక్క చూపు మెల్లగా పోతుంది. 'షుగర్ దెబ్బ లేదు' అని మెషీన్ చెప్తే జనం 'కన్ను బాగుంది' అనుకుంటున్నారు. ఆ పేషెంటుకి అసలు ఏ జబ్బో...

యాంకర్: టైమ్ అయిపోయింది. చివరి మాట నాయకుడు గారిది.

నాయకుడు: రేపు పదింటికి జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర ధర్నా. డాక్టరు బాబూ, మీరూ రండి, ఆ నీటికాసులేటో మైకులో అక్కడ చెప్పండి.