ఫారంలో లేని బెంగ

అధ్యక్షుల వారికి, ప్రిన్సిపల్ గారికి, విద్యార్థులకు నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను, అయినా కప్పారు. బెజవాడ అక్టోబర్ ఉక్కలో శాలువా కప్పుకొని మానసిక ఆరోగ్యం మీద మాట్లాడితే ముందు నా ఆరోగ్యం పోతుంది. తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

మైనారిటీ, వలస కుటుంబాల్లో మానసిక ఆరోగ్యం, వాళ్లతో కలిసి చేసే పరిశోధన. నాకిచ్చిన అంశం ఇది. నిర్వచనం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఎవరి గురించి పరిశోధిస్తున్నామో వాళ్లే ప్రశ్నలు తయారు చేసేటప్పుడు, జవాబులకు అర్థం చెప్పేటప్పుడు మన పక్కన కూర్చోవాలి. తేలింది ముందు వాళ్లకే చెప్పాలి. మిగతాది మీ పుస్తకాల్లో ఉంది.

నేను అలా చేయలేదు. అది చెప్పుకోవడానికే ఈ సభకు ఒప్పుకున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక సర్వేలో ఫారాలు నింపే పని చేశాను. సంక్రాంతి వెళ్లాక గుంటూరు చుట్టుపక్కల మిరప కోతలకు కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు దిగుతాయి కదా, వాళ్ల డేరాల దగ్గరికి వెళ్లాం. నా చేతిలో పీహెచ్‌క్యూ-9 అనే ఫారం. అమెరికాలో తయారైంది, 2001లో ప్రచురించారు. 9 ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేయాలి. మొత్తం 10 గానీ, ఆపైన గానీ వచ్చిందంటే డిప్రెషన్ ఉందేమోనని చూడాలి.

ఒకావిడ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. సగం కన్నడం, సగం తెలుగు.

“పనుల మీద ఆసక్తి తగ్గిందా?” అన్నాను.

“ఆసక్తి ఉండి మిరపకాయలు ఎవరు కోస్తారక్కా?” అంది.

నేను నవ్వలేదు. 3 వేశాను.

“నిద్ర పడుతోందా?” మాట్లాడకుండా చేతులు చూపించింది. గోళ్ల చుట్టూ ఎర్రగా పొంగి ఉంది. రాత్రంతా తడిగుడ్డ చుట్టుకుంటుందట. ఇంకో 3. నీరసం, ఆకలి... అన్నీ కలిపి 11. ఎన్ని రోజులని గుచ్చి అడిగితే, “ఎన్ని కేజీలు కోశానో అడుగు, చెప్తా. దిగులు ఎన్ని రోజులో ఎట్లా లెక్కపెట్టేది?” అంది.

చూడండి, ఆ 11లో మిరప మంట ఎంత, మనసు మంట ఎంత? నాకు తెలియదు, ఫారానికీ తెలియదు.

నేను పెన్ను మూత పెట్టాక అసలు మాట చెప్పింది. పెద్దపిల్లను బడి కోసం ఊళ్లో అవ్వ దగ్గర వదిలి వచ్చారు. “దానికి బెంగక్కా. జరం కూడా వచ్చిందంట. ఫోన్లో అమ్మా అని ఊరుకుంటాది. నాకూ అదే.”

బెంగ! మన ఇళ్లలో పిల్లకు జ్వరం వస్తే వాళ్లమ్మమ్మ ముందు అడిగేది “ఎవరి మీదన్నా బెంగ పెట్టుకుందా” అనే. ఆ మాట నా ఫారంలో లేదు. గుంటూరులో ముస్లిం ఇళ్లలో ‘దిల్ ఘబరాతా’ అంటారు, గుండె కంగారు పడుతోందని. దాన్ని ‘ఆందోళన’ అని రాసేశామంటే అందులోంచి గుండె జారిపోతుంది.

జింబాబ్వేలో షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అంటారు, అతిగా ఆలోచించడం అని. డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారేలో క్లినిక్ ఆవరణలో బెంచీ వేసి, శిక్షణ ఇచ్చిన అవ్వలను కూర్చోబెట్టాడు. పలకరింపు వాళ్ల మాటల్లోనే. బెంచీ మీద మాట్లాడినవాళ్లకు ఆరు నెలలయ్యేసరికి బాధ బాగా తగ్గిందని 2016లో ప్రచురించారు. మనకు అవ్వలు లేరా, అరుగులు లేవా?

2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో చేసింది. అందులో మన రాష్ట్రం లేదు. అంటే ఇక్కడి పని మనమే చేసుకోవాలి. మీ ప్రాజెక్టు రిపోర్టుల కోసం కాదు బాబూ, వెనక వరసలో నవ్వుతున్న నీకే చెబుతున్నాను.

ఎక్కడున్నాను? ఆ... డేరా దగ్గర. 11 వచ్చిన మనిషిని ఎక్కడికి పంపాలో మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడైతే టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి. అప్పుడు అదీ లేదు. బయట జీపు హారన్ కొడుతోంది. “మళ్లీ ఎప్పుడొస్తావక్కా?” అంది. “వచ్చే వారం” అన్నాను.

వెళ్లలేదు. రిపోర్టు ఇంగ్లీషులో తయారైంది, నాక్కూడా కాపీ ఇవ్వలేదు. మరుసటి ఏడాది కోతల్లో సిగ్గు తోసి నా అంతట నేనే వెళ్లాను. అదే చేను గట్టు, అవే పట్టాల డేరాలు, మనుషులు వేరు. ఆవిడ పేరు ఫారంలో రాయకూడదన్నారు, రాయలేదు. ఏ పేరు చెప్పి అడగను?

అధ్యక్షుల వారు చీటీ పంపారు, టైమ్ అయిందట. ఒక్క నిమిషం. కోతలు మొదలు కావడానికి ఇంకా మూడు నెలలుంది. ఈసారి ప్రశ్నలు వాళ్లతో కూర్చునే రాసుకుందామని నా ఆలోచన. మీలో కన్నడం వచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా? చెయ్యెత్తండి. ఇద్దరా... ఆ మూడో అమ్మాయి, నువ్వు ఆదోనా? మంచిది. టీ తాగాక మీ ముగ్గురూ నా దగ్గరికి రండి.