ఉపగ్రహం కాటాకి తూకపురాళ్లు భూమ్మీదే ఉన్నాయి

[దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు. కాటా మీదికి టిక్కీ (మిర్చి బస్తా) ఎక్కుతోంది.]

కాటా మీద అనుమానమొస్తే ఏం చేస్తాం? ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందా అని చూస్తాం. ముద్ర వేసిన రాయి పెట్టి చూస్తాం. రెండూ సరిపోతే మధ్యలో ఏ బస్తా పెట్టినా నమ్మొచ్చు. ఉపగ్రహంలో ఉండి, కింద ఉన్నవి వదిలే మైక్రోవేవ్‌లను కెల్విన్లలో కొలిచే మైక్రోవేవ్ రేడియోమీటర్‌కీ ఇదే లెక్క: సున్నా వైపు 2.7 కెల్విన్ల అంతరిక్షం, రాయి వైపు ఉపగ్రహంలోనే ఉండే సుమారు 300 కెల్విన్ల వేడి దిమ్మ.

మరి భూమ్మీద స్థలాలను కూడా తూకపురాళ్లుగా వాడటమెందుకు? గిరగిరా తిరుగుతూ స్కాన్ చేసే చాలా పరికరాల్లో ఆ రెండూ ఫీడ్ హార్న్‌కే (సంకేతాన్ని లోపలికి తీసుకునే కొమ్ము గొట్టానికే) కనిపిస్తాయి. భూమి సంకేతాన్ని ఆ గొట్టంలోకి మళ్లించే పెద్ద రిఫ్లెక్టర్ ఆ పరీక్షలోకే రాదు. 1997లో ఎగిరిన, వానలు కొలిచే టీఆర్‌ఎంఎం ఉపగ్రహంలోని టీఎంఐ అనే రేడియోమీటర్‌కి వచ్చిన చిక్కు ఇదే. రిఫ్లెక్టరే 3 నుంచి 4 శాతం సొంత వేడిని కలిపేసింది.

[దృశ్యం: తెర మీద లెక్క.]

రిఫ్లెక్టర్ 290 కెల్విన్లు, సముద్రం పరికరానికి 150 కెల్విన్లుగా కనిపిస్తోంది అనుకోండి. తేడా 140. అందులో 3.5 శాతం అంటే దాదాపు 5 కెల్విన్ల తప్పు. అదే 280 కెల్విన్ల అడవి మీద అర కెల్విన్ కూడా రాదు. అందుకే చల్లని చోటు ఒకటి, వెచ్చని చోటు ఒకటి కచ్చితంగా కావాలి.

[దృశ్యం: ప్రకాశం బ్యారేజీ, పైనుంచి.]

30 డిగ్రీల కృష్ణ నీళ్లంటే 303 కెల్విన్లు. 1.4 గిగాహెర్ట్జ్‌లో నిటారుగా పైనుంచి చూస్తే మాత్రం దాదాపు 110! నీళ్లు తమ వేడికి తగ్గ మైక్రోవేవ్‌లలో కొంత భాగమే వదులుతాయి; నీటి ఉపరితలం మిగతా భాగంలో చల్లటి ఆకాశాన్నే అద్దంలా చూపిస్తుంది. అయితే ఇక్కడ కొలవలేం. బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్లు, నేల తేమ కొలిచే స్మాప్ ఉపగ్రహం ఒక్కసారి చూసే మేర దాదాపు 40 కిలోమీటర్లు. విజయవాడ, మంగళగిరి, చుట్టుపక్కల పొలాలు అన్నీ అందులోనే కలిసిపోతాయి. పైగా నాట్లప్పుడు నిండా నీళ్లున్న మడి కోతలకి ఎండిపోతుంది.

కాబట్టి చల్లని కొసకి నడిసముద్రం. గాలి, మేఘం, ఆవిరి ఏది చేరినా కొలత దాదాపు ఎప్పుడూ పైకే పోతుంది, అంటే కింద ఒక హద్దుంది. ఒక్క కనిష్ఠ కొలతను పట్టుకోకండి, అది నాయిస్ (పరికరంలోని అడ్డదిడ్డపు ఊగిసలాట) కావచ్చు. లక్షల కొలతలతో హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) గీసి, ఎడమ కొసను సున్నా శాతం దాకా పొడిగించండి. శాస్త్రవేత్త క్రిస్ రూఫ్ 2000లో చెప్పిన పద్ధతి ఇది.

వెచ్చని కొసకి అమెజాన్ అడవి. నదులు, నరికేసిన మేరలు తీసేయాలి. ఉదయం, సాయంత్రం కొలతలను కలపకూడదు, ఆకుల వేడి మారిపోతుంది.

[దృశ్యం: డోమ్ సి, అంటార్కిటికా.]

ఇక ఏళ్ల తరబడి డ్రిఫ్ట్ (పరికరం కొలత మెల్లగా పక్కకి జరగడం) పట్టుకోవాలంటే 3,233 మీటర్ల ఎత్తున్న ఈ మంచు మైదానం. 1.4 గిగాహెర్ట్జ్ సంకేతం వందల మీటర్ల లోతు నుంచి వస్తుంది. అక్కడికి ఎండాకాలం, చలికాలం చేరవు. 37 గిగాహెర్ట్జ్‌కి ఈ సుఖం లేదు: పైపొరలే కనిపిస్తాయి, రుతువులు కొలతలోకి వచ్చేస్తాయి. గాలికి పైమంచు మారినా అడ్డ పోలరైజేషన్ (అడ్డంగా ఊగే తరంగాల) కొలత మారిపోతుంది. అందుకని ముందు నిలువు పోలరైజేషన్ చూడండి. మూడు చోట్లా తేడా కనిపిస్తే పరికరాన్ని అనుమానించండి. ఒక్కచోటే కనిపిస్తే ముందు ఆ స్థలాన్ని అనుమానించండి.